దెబ్బ గంగమ్మది

బాగుందనే కదా చెప్పింది, ఇంకేంటి, సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి పైకి లేచి, బాగుంది పో, రంగేసుకో అని నరసింహారావుతో తన నోటితోనే అన్నాడు, మొన్న పొద్దు వాలే వేళ, నిజాంపట్నం రేవులో, బోటు వెనక వైపు, అమరం కింద, నీటిగీతకు జానెడు దిగువన ఉన్న మద్ది పలక మీద చెయ్యి వేసి మరీ అన్నాడు, అన్న మాట అయిపోయింది, యాభై రెండేళ్ళుగా బోట్ల వడ్రంగి హనుమయ్య అన్న మాటను రేవులో ఎవరూ రెండోసారి అడగలేదు, మరి రేపల్లె స్టేషను దాటి పావుగంటైనా కాకముందే ఆ పలక ఎందుకు కళ్ళ ముందు ఆడుతోంది, తడి ఆరిన చోట సన్నటి నల్లటి చార, తారు చారో నాచు మచ్చో అయి ఉంటుంది, అయి ఉంటుందనే తప్ప అవునని ఎందుకు అనుకోలేకపోతున్నాడు, ఇవాళ అర్ధరాత్రితో వేట నిషేధం తీరిపోతుంది, రెండు నెలలు ఒడ్డున పడి ఎండిన బోట్లన్నీ తెల్లారేసరికి నీళ్ళ మీద ఉంటాయి, నరసింహారావు బోటులో ఆరుగురు ఎక్కుతారు, వాడు, వాడి తమ్ముడు నాని, ఇంకో నలుగురు, వారం దాకా ఒడ్డు చూడరు, పలక బాగుంటే సరే, బాగోకపోతే, అక్కడికి వచ్చేసరికి ఆలోచన ముందుకు కదలలేదు, కిటికీ ఊచ చేతికి తగిలింది, దాని మీద వేలి ఎముకతో ఒక్కటి కొట్టాడు, టక్కుమన్నది వినపడింది, ఆ తర్వాత ఏదీ వినపడలేదు, రైలు చప్పుడులే అనుకున్నాడు.

ఒళ్ళో తువ్వాలు మూట బరువుగా ఉంది, మూటలో కొయ్యసుత్తి, చింతమాను చేవతో చేసిన తల, యాభై ఏళ్ళ చెమట తాగి నల్లబడ్డ పిడి, పని నేర్పిన వెంకటస్వామి మేస్త్రి ఇచ్చింది, ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది, ఈ సుత్తిని రైలెక్కించి బాపట్ల కాలేజీకి మోసుకుపోతారని అప్పుడెవరైనా చెప్పి ఉంటే మేస్త్రి ముక్కుపొడుం డబ్బీ మూత వేసి మరీ నవ్వేవాడు, ఎదురు సీట్లో ఎండుచేపల బుట్టతో కూర్చున్న ఆవిడ మూటలోంచి పిడి తొంగిచూడటం గమనించింది, సుత్తెందుకు బాబాయ్, బండి ఆగిపోతే రెండేసి నడిపిద్దామనా అంది, హనుమయ్య కిటికీలోంచి భట్టిప్రోలు పొలాలకేసి చూశాడు, జవాబు పక్కనున్న సాయి సుధ చెప్పింది, కాలేజీలో పాఠం చెప్పించడానికి అత్తా, ఏంటి, మీ తాతయ్యతోనా, తాతయ్య చెప్పడు, సుత్తే చెబుద్ది, అట్టయితే మా ఆయనకీ ఒకటి చేయించియ్యమ్మా, ఆ నోటికి కాస్త సెలవు దొరుకుద్ది, చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు, హనుమయ్య మీసం చివర కూడా నవ్వు లాంటిదేదో కదిలి ఆగిపోయింది, సుధ ఆయన కూతురి కూతురు, బాపట్లలో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతోంది, మధ్యాహ్నం రెండింటికి హైదరాబాదు నుంచి వచ్చిన సార్ల ముందు నిలబడి తన రెండేళ్ళ పని చెప్పాలట, చెప్పేముందు తాతయ్య ఒక చెక్కను కొట్టి అది మంచిదో కాదో తేల్చాలట, అప్పుడు తను లేచి, మా తాతయ్య చెక్కతో చేసే పని నేను ఆకాశంతో చేశాను అనాలట, హనుమయ్య వద్దన్నాడు, అంటే తల అడ్డంగా ఊపాడు, ఆ పిల్ల ఊపును చూడనట్టే టిక్కెట్లు తీసింది, మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకేం తెలుసని అనబోయి అనలేదు, అనకపోవడం ఆయనకు అన్నం తిన్నంత అలవాటు, పలక కొట్టాక కూడా రెండే మాటలు, బాగుంటే బాగుంది, బాగోకపోతే తీసెయ్, ఆ రెండు మాటలతోనే ముగ్గురు పిల్లల్ని పెంచాడు, ఆ రెండు మాటల మీదే రేవు రేవంతా సముద్రంలోకి పోయి తిరిగొచ్చింది.

ఆకాశంతో చేసే పనేంటో నిన్న అన్నాల దగ్గర చెప్పింది సుధ, వెలుగును కూడా బయటికి పోనివ్వనంత బరువైన నల్లటి గోళాలు రెండు, కృష్ణబిలాలు అంటారట, ఒక్కొక్కటి ముప్పై మంది సూర్యుళ్ళ బరువు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి దగ్గరై ఢీకొని ఒకటైపోయాయట, మనిషి పుట్టకముందు, చేప పుట్టకముందు, నూట ముప్పై కోట్ల ఏళ్ళ కిందట, ఆ దెబ్బకు చోటే అదిరిందట, గాలి కాదు, నీళ్ళు కాదు, చోటు, ఆ అదురు అలగా సాగి సాగి మన దాకా వచ్చిందట, మైళ్ళ పొడవు గొట్టాల చివర అద్దాలు వేలాడదీసి దాన్ని పట్టుకున్నారట, పరమాణువు మధ్యలోని గింజలో వెయ్యో వంతు కదిలిందట అద్దం, కావలసిన వాళ్ళు చూసుకోవచ్చని ఆ కదలికంతా అందరికీ తెరిచి పెట్టారట, హనుమయ్యకు ఇందులో నమ్మలేనిదేదీ కనపడలేదు, గాలి లేని రోజున ఒడ్డుకు పొడుగాటి అల వచ్చిందంటే ఎక్కడో కంటికి ఆనని చోట తుఫాను లేచిందని ముసలాళ్ళు చెప్పేవాళ్ళు, అలే ముందొస్తుంది, ఇదీ అంతే, కాకపోతే తుఫాను కాస్త దూరం, ఢీకొన్నాక మిగిలిన ఒక్క గోళం కొట్టిన గంటలాగా కాసేపు మోగుతుందట, మోగి చల్లారుతుందట, ఢీకొనక ముందు అవి తిరిగిన తీరును బట్టి ఆ మోత ఏ శ్రుతిలో ఉండాలో, ఎంతసేపట్లో చల్లారాలో వందేళ్ళ కిందట ఐన్‌స్టీన్ రాసిన సూత్రాలు ముందే చెప్పేస్తాయట, ఇక విని చూసుకోవడమే, కలిస్తే బరువు గురించి, గురుత్వాకర్షణ గురించి ఆయన చెప్పింది నిజం, కలవకపోతే అందులో ఎక్కడో డొల్ల ఉన్నట్టు, నాకు కలవలేదు తాతా అంది సుధ, ముద్ద చేతిలోనే ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి, వందకి పదిహేను వంతులు తేడా వచ్చింది, రేపటిదాకా ఎవరికీ చెప్పకు, ఎవరికి చెబుతాడు, నరసింహారావుకా, తర్వాత పుస్తకం తెరిచి, నువ్వెలా వింటావో చెప్పు తాతా అంది, ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మేస్త్రి చెప్పిందే చెప్పాడు, దెబ్బ గంగమ్మది, మోత మనది, సుత్తి పడ్డ క్షణాన వినపడేది సముద్రపు తల్లి వాటా, దాన్ని ఆమెకు వదిలెయ్యాలి, గంగమ్మ తల్లీ అని మనసులో ఒక్కసారి అనుకోవాలి, అనుకోవడం అయ్యాకే చెవి తెరవాలి, అప్పటికి ఇంకా మిగిలి ఉన్నదేదో అదే చెక్క మాట, చేవ ఉన్న పలక సాగుతూ ఉంటుంది, పుచ్చిన పలక ఆ పేరు అయ్యేసరికి చచ్చిపోయి ఉంటుంది, పనిలో చేరిన కొత్తలో సుత్తి పడీపడగానే బాగుందన్నాడని మేస్త్రి పిడి తిప్పి మోచేతి మీద ఒక్కటిచ్చాడు, అమ్మ వాటా తింటావురా అన్నాడు, సుధ నవ్వుతూ అదంతా రాసుకుంది, ఆమె రాసుకుంటుంటే హనుమయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

తెనాలిలో దిగారు, బాపట్ల వైపు పోయే బండికి ఇంకా ముప్పావుగంట ఉంది, సిమెంటు బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టి చేతిలో టీ పెట్టి సుధ ఫోను పట్టుకుని అవతలికి పోయింది, జ్ఞానానందం గారట, పాఠం చెప్పే సారు, ఆమె నించున్న తీరు మారిపోవడం హనుమయ్య చూశాడు, వలలో చేప ఉందనుకుని లాగినవాడికి చెత్త తగిలినప్పుడు భుజాలు అట్లాగే దిగుతాయి, వచ్చి పక్కన కూలబడి, సారు ఒక్కటే అడిగారు తాతా అంది, ఎక్కణ్ణుంచి విన్నావమ్మా అని, ఢీకొన్న చోట నుంచే విన్నానండి, అక్కడేగా గట్టిగా ఉంటది అన్నా, కాస్త ఆగి వింటే ఏమవుద్దో చూశావా అన్నారు, చూశాను, చూడకపోవడమేంటి, ఆగి వింటే మోత సన్నమైపోద్ది, యంత్రం సొద దాని మీదికొచ్చేస్తది, అప్పుడు కలిసిందనీ చెప్పలేం కలవలేదనీ చెప్పలేం, ఏదీ చెప్పలేకపోతే రెండేళ్ళు నేనేం చేసినట్టు, అంటూ కంప్యూటరు తెరిచి, నువ్వు కూడా విను అని, తీగ చివరి బొడిపెలు రెండూ ఆయన చెవుల్లో పెట్టింది, మనిషి చెవికి అందేలా సాగదీశాను, శబ్దం పూర్తిగా పెంచాను అన్నది పెదాల కదలికను బట్టి తెలిసింది, మొదట సముద్రపు హోరు లాంటిది, హోరులోంచి ఏదో లోగొంతుతో మొదలై, పైకి, పైపైకి ఎగబాకి, ఠప్పున తెగి, తెగిన చోట నుంచి సన్నగా, ఇంకా సన్నగా, గాలికి దూరమైపోతున్న మనిషి కేకలాగా పోయింది, హనుమయ్య టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు, ఇంకోసారి అన్నట్టు వేలు చూపించాడు, ఇంకోసారి పెట్టింది, మళ్ళీ ఆ దెబ్బ, మళ్ళీ ఆ దెబ్బ వెనక తోక, మోత తోక, అది చెవిని రాసుకుంటూ పోయింది, ఇలాంటిది విని ఎన్నాళ్ళయింది, ఎన్నాళ్ళేంటి, రెండేళ్ళు, రెండేళ్ళ పైన, చెవుల్లోంచి తీగలు తీసేశాడు, ప్లాట్‌ఫారం మీది మాటలన్నీ మళ్ళీ దూదిలోంచి వచ్చినట్టు వచ్చాయి, దెబ్బ దగ్గర్నుంచి వింటే నీ చెయ్యే వినపడుద్దమ్మా, చెక్క వినపడదు అన్నాడు, ఈ నెలలో ఎవరూ అడక్కుండా ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే, సుధ తీగలు చుట్టి చేతిలోకి తీసుకుంది, నిన్న నువ్వు చెబుతుంటే రాసుకున్నా కూడా, రాసుకుని నవ్వుకున్నా తాతా, ఎంత బాగుందో, మాటల్లో వాడుకోవచ్చు అనుకున్నా అంది, ఆమె అన్నది ఆమె గురించే, ఆ మాట మటుకు వచ్చి హనుమయ్య రొమ్ములో దిగింది.

బాపట్ల బండిలో సుధకు కిటికీ దొరికింది, ఆయనకు నడవ పక్క సీటు, ఆమె కంప్యూటరు మీద గీతలు జరుపుతోంది, కుడికి కొంచెం, ఇంకొంచెం, చుండూరు వచ్చింది, పోయింది, పేరు అనుకోవడం ఎప్పుడు మానేశాడు తను, ఏ బోటు దగ్గర, గుర్తుంది, గుర్తు లేకేం, వెంకటసుబ్బులు బోటు దగ్గర, రెండేళ్ళ కిందట ఇదే వేట నిషేధంలో, మంచి టేకు పలక, కొట్టాడు, గంగమ్మ తల్లీ అనుకున్నాడు, చెవి తెరిచాడు, లోపల ఏమీ లేదు, ఖాళీ, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఖాళీ, తీసెయ్ అనబోయాడు, నిన్న గాక మొన్న వేసిన పలక, దానికేం రోగం, అప్పుడర్థమైంది, రోగం పలకది కాదు, పక్కన వెంకటసుబ్బులు ఎదురుచూస్తున్నాడు, చేతులు కట్టుకుని, నోరు విప్పకుండా, గుళ్ళో తీర్థం కోసం నిలబడ్డట్టు, మూడోసారి కొట్టాడు, ఈసారి పేరు అనుకోకుండా సుత్తి పడీపడగానే విన్నాడు, దెబ్బ వినపడింది, గట్టిగా, స్పష్టంగా, బాగుంది అన్నాడు, నిజంగానే బాగున్న పలక కాబట్టి బాగుండిపోయింది, ఆ బోటు తిరిగొచ్చింది, ఆ రోజు నుంచి పేరు మానేశాడు, మానేసి భారమంతా చేతి మీద పెట్టాడు, పిడిలోంచి అరచేతికి వచ్చే అదురు చాల్లే, కంటికి కనపడే రంగు చాల్లే, యాభై ఏళ్ళ చెయ్యి, అబద్ధం చెబుతుందా అని తనకు తనే చెప్పుకున్నాడు, దెబ్బ ఎప్పుడూ బాగానే ఉంటుంది, తన చెయ్యి బలం, సుత్తి బరువు, అదే వినపడేది, చేవ పలక మీదా పుచ్చు పలక మీదా ఒకటే, అందుకే కదూ ఈ రెండేళ్ళలో తీసెయ్ అన్న మాట నోటివెంట రానేలేదు, రేవులో అందరూ హనుమయ్య మెత్తబడ్డాడు అనుకున్నారు, ఇంటికి వచ్చాక కూతురు టీవీ శబ్దం పెంచుతుంటే ఎందుకే అంతా అని విసుక్కునేవాడు, విసుక్కుంటే వినపడుతున్నట్టే కదా, నిడుబ్రోలు వచ్చింది, జామకాయలమ్మే ఆవిడ ఎక్కింది, ఏదో అరిచింది, అరుపు వినపడింది, ధర వినపడలేదు, మొన్న ఆ మద్ది పలక మీద పడ్డవి మూడు దెబ్బలు, మూడూ వినపడ్డాయి, ఆ నల్ల చార దగ్గర చెయ్యి ఒక్క లిప్త ఆగింది కూడా, ఆగినప్పుడు నరసింహారావు ఏంటి మావా అన్నాడు, ఏం లేదు అన్నాడు, జేబులో బొత్తాల ఫోను ఉంది, తీసి ఇప్పుడే చెబితే, ఏమని చెబుతావు, నాకు చెవుడు అనా, యాభై రెండేళ్ళ మాటను నడిచే రైలులోంచి పారేసుకోవడమా, పక్కన సుధ గీత జరపడం ఆపింది, తెర వైపు వంగి, వెనక్కి వాలి, పోయింది తాతా అంది, ఆగి వింటే ఆ తేడా పోయింది, కలిసిందా అన్నాడు, కలిసిందని కూడా అనలేను, సన్నగా ఉంది కదా, అటూ ఇటూ ఎంతైనా పట్టేంత సందు ఉంది అందులో, అంది, కళ్ళు తుడుచుకోలేదు, అప్పికట్ల దాటేదాకా తెర మూసేసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది, ఆ చేతులు తన భార్యవి, అవే పొట్టి వేళ్ళు, వాటి మీద చెయ్యి వెయ్యాలనుకున్నాడు, వెయ్యలేదు, ఫోనూ తియ్యలేదు.

కాలేజీలో గది చల్లగా ఉంది, నలభై మంది దాకా ఉంటారు, ముందు వరసలో హైదరాబాదు సార్లు ముగ్గురు, జ్ఞానానందం గారు సన్నటి మనిషి, తెల్ల చొక్కా, ఎదురొచ్చి రెండు చేతులతో హనుమయ్య చెయ్యి పట్టుకుని, ఎండలో శ్రమ పెట్టామండి అన్నాడు, బల్ల మీద పాత పలక ఒకటి రెండు కర్రముక్కల మీద ఆనించి పెట్టి ఉంది, స్టోరులోంచి తెప్పించామండి, ఎలా ఉందో మీరే చెప్పాలి, అందరూ చూస్తున్నారు, హనుమయ్య తువ్వాలు విప్పాడు, సుత్తి తీశాడు, పలక పైన రంగు వేసి ఉంది, నునుపుగా, అంచులు దిట్టంగా, కొట్టాడు, రెండేళ్ళ తర్వాత మొదటిసారి పేరు అనుకున్నాడు, గంగమ్మ తల్లీ, చెవి తెరిచాడు, ఏమీ లేదు, ఖాళీ, గదిలో నలభై మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు, వెంకటసుబ్బులు చేతులు కట్టుకుని నిలబడ్డట్టే, మళ్ళీ కొట్టాడు, ఈసారి పేరు లేదు, దెబ్బ వినపడింది, నాలుక చివర మాట ముందే వచ్చి కూర్చుని ఉంది, బాగుంది అన్నాడు, చప్పట్లు కొట్టారు, జ్ఞానానందం గారి కళ్ళు ఒక్కసారి పలక మీదికి పోయి వచ్చాయి, ఆయన కూడా చప్పట్లు కొట్టాడు, మెల్లగా, హనుమయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, సుధ లేచింది, తెర మీద ఏవో గీతలు, ఇంగ్లీషు, తెలుగు, మళ్ళీ ఇంగ్లీషు, గోళాలు తిరగడం, ఢీకొనడం, మోగడం, ఆమె మైకులో మాట్లాడుతోంది కాబట్టి ఆయనకు అందుతోంది, నడుమ ఒక చోట ఆగింది, నీళ్ళు తాగింది, ఇవాళ పొద్దుటి దాకా ఇక్కడ ఒక పెద్ద మాట చెబుదామనుకున్నానండి, ఐన్‌స్టీన్ సూత్రం ఈ మోత దగ్గర తప్పిందని, ఇప్పుడు చెప్పను, నేను దెబ్బ దగ్గర్నుంచి విన్నాను, అక్కడ ఉండేది ఢీకొన్న గందరగోళం, గోళం సొంత మోత కాదు, ఆగి వింటే తేడా లేదు, కానీ ఆగి విన్నప్పుడు నాకు సరిగ్గా వినపడనూ లేదు, ఈ ఒక్క మోతను పట్టుకుని ఆ సూత్రం తప్పనీ అనలేను, ఒప్పనీ అనలేను, ఇంతకంటే గట్టిగా మోగినవి ఉన్నాయి, వాటితో మళ్ళీ మొదలుపెడతాను, ముందు వరసలో ఒక సారు మైకు అందుకుని, రెండేళ్ళ పని తర్వాత వినపడలేదు అని చెబుతున్నావా అమ్మా అని అడిగాడు, వెటకారమో మామూలుగానో హనుమయ్యకు తెలియలేదు, అవునండి అంది సుధ, మా తాతయ్య వాళ్ళకి ఒక పద్ధతుందండి, దెబ్బ గంగమ్మకి వదిలేసి మోతే వింటారు, నేను అమ్మవారి వాటా తిన్నానండి, మా తాతయ్య కొత్తలో తప్ప యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తినలేదు, అందరూ వెనక్కి తిరిగి ఆయన వైపు చూసి నవ్వారు, ప్రేమగానే నవ్వారు.

లేచాడు, ఎందుకు లేచాడో కాళ్ళకే తెలియాలి, ఒళ్ళోంచి సుత్తి జారి నేల మీద పడింది, అమ్మాయ్ అన్నాడు, ఆగాడు, ఇన్ని ముఖాల ముందు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు, ఆ పలక నేను వినలేదండి, బాగుంది అన్నాను గానీ నాకు వినపళ్ళేదు, వెనక బెంచీలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు, సుధ మైకు పక్కన పెట్టింది, జ్ఞానానందం గారు వచ్చి సుత్తి తీసి ఆయన చేతికిచ్చి, చెవి దగ్గరికి వంగి, లోపల చెద తినేసిందండి ఆ పలక, మీకు పరీక్ష పెడదామని కాదు, మీరు కొట్టగానే పట్టేస్తారని, పిల్లలకి సరదాగా ఉంటుందని అనుకున్నాను అన్నాడు, హనుమయ్య తలూపి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండాలోకి వచ్చేశాడు, బొత్తాల ఫోనులో మూడో అంకె నొక్కి పట్టుకుంటే నరసింహారావు వస్తాడు, వచ్చాడు, ఏంటి మావా, పాఠం చెప్పేశావా అని నవ్వాడు, వెనక ఐసు కొడుతున్న చప్పుడు, ఎవరో ఎవర్నో తిడుతున్నారు, బోటు దించొద్దురా అన్నాడు హనుమయ్య, ఏంటి, అమరం కింద పలక, నేను వినలేదు, ఐసెక్కించేశాం మావా, తెల్లారుజామున పోతన్నాం, బాగుందన్నావుగా, అన్నా, వినపడకుండానే అన్నా, నాకు వినపట్టంలేదురా, రెండేళ్ళయింది, నరసింహారావు గొంతు ఫోనుకి మరీ దగ్గరగా వచ్చింది, రెండేళ్ళంటే పోయినేడు చూసిన బోట్లు కూడానా మావా అన్నాడు, పోయినేటివి కూడా, ఎన్ని, పదకొండు అన్నాడు హనుమయ్య, లెక్క వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, ఒక్కొక్కటీ పేరుతో సహా లోపల వరసగా నిలబడే ఉంది, అన్నిటికీ చెప్పాలి, నువ్వు చెప్పు, నేనొచ్చి నేనూ చెబుతా, నరసింహారావు ఏదో తిట్టు తిట్టాడు, ఎవర్నో తెలియలేదు, తిట్టి, నాని ఎక్కుతన్నాడు మావా దాంట్లో అన్నాడు, తెలుసు, అందుకే చేశా, మళ్ళీ ఐసు చప్పుడు, అది కూడా ఆగిపోయింది, ఆపమన్నాడు కాబోలు, సరే రా, నువ్వొచ్చేదాకా ఒడ్డు మీదే ఉంచుతా అని పెట్టేశాడు.

సుధ ఆయన చెప్పులు పట్టుకుని వచ్చి కాళ్ళ ముందు పెట్టింది, ఏమీ అడగలేదు, అడగకపోవడం తన దగ్గరే నేర్చుకుంది, సాయంత్రం బండికి రేపల్లె పోదాం, నేను కొడతా, నువ్వు విను అన్నాడు, నాకేం తెలుసు తాతా చెక్క గురించి అంది, పేరు తెలుసుగా అన్నాడు, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ వరండా స్తంభం పట్టుకున్నాడు, గంగమ్మ తల్లీ, ఆ రెండు మాటలు అనుకోవడానికి ఎంతసేపని, కన్ను మూసి తెరిచినంత, యాభై ఏళ్ళు అది మొక్కు అనుకున్నాడు, సముద్రం మీద పోయేవాళ్ళు పెట్టే దండం అనుకున్నాడు, దండం పెట్టకపోయినా అమ్మ ఏమనుకోదులే అని మానేశాడు, మేస్త్రి ఆ పేరును అక్కడ దండానికి పెట్టలేదు, సుత్తి పడ్డ చప్పుడు మనిషికి తన బలంలాగే వినపడుతుంది, అది సద్దుమణిగేదాకా నోరు మూసుకుని ఉండటానికి పెట్టాడు, పేరు అయిపోయాక చెవిలో ఏమీ మిగలకపోతే, ఏమీ మిగల్లేదని చెప్పడానికి పెట్టాడు, మేస్త్రి రెండు మాటలే నేర్పాడనుకున్నాడు తను, బాగుంది, తీసెయ్, మూడోది కూడా ఆ రోజే నేర్పాడు, మోచేతి మీద కొట్టి మరీ నేర్పాడు, వినపళ్ళేదు అని, ఇన్నేళ్ళకు ఆ మాట తన నోటివెంట వచ్చింది, దానికి రేవులో ఒక బోటు ఆగింది.